వెతకడం తప్పు కాదు, దాచడం తప్పు

ఇంట్లోవాళ్ళతో సరదాగా ఆడుకునే ఆన్‌లైన్ క్విజ్‌లో చాటుగా గూగుల్ చూసి జవాబు చెప్తే అది మోసమా, కాదా? "ఇదేమన్నా పరీక్షా, ఉద్యోగమా, దీనికింత చర్చెందుకు?" అని నవ్వేసేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఇది నవ్వి వదిలేసే సంగతి కాదనిపిస్తుంది. డబ్బు చేతులు మారే ఆటల్లో మోసం జరిగితే పోలీసులున్నారు, కోర్టులున్నాయి. ఇంటి ఆటలో జరిగితే ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. ఒకరిద్దరు ఏదో వంక చెప్పి ఆడటం మానేస్తారు, అంతే.

మా కుటుంబం మూడు ఊళ్ళలో ఉంది. తెనాలిలో మేము, బాపట్లలో మా ఆడపడుచు వాళ్ళు, రేపల్లెలో మా బాబాయి, పిన్ని. 2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన ఆదివారం క్విజ్ ఇంకా నడుస్తూనే ఉంది. రాత్రి భోజనాలయ్యాక అందరం వీడియో కాల్‌లో కూర్చుంటాం. ఈ వారం గెలిచినవాళ్ళు వచ్చే వారానికి ఇరవై ప్రశ్నలు తయారుచేసుకుని రావాలి. జవాబులు వాట్సాప్ గ్రూపులో టైప్ చెయ్యాలి. ముందు ఎవరిది వస్తే మార్కు వాళ్ళది. పందెం లేదు, బహుమతి లేదు.

మొదటి రెండేళ్ళూ మా బాబాయిదే రాజ్యం. ఆయన తెలుగు మేష్టారుగా చేసి రిటైరయ్యారు. "చక్రపాణి గారి అసలు పేరేంటి?" అని అడగడం ఆలస్యం, ఆలూరి వెంకట సుబ్బారావు అనేవారు. అక్కడితో ఆగేవారు కాదు. ఆయన మన తెనాలి వాడేననీ, నాగిరెడ్డి గారితో కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారనీ చెప్పుకుపోయేవారు. మొదటి ఆంధ్ర మహాసభ ఎక్కడ జరిగిందంటే "1913లో, మన బాపట్లలో" అని గర్వంగా చెప్పి, ఆ వెనక కథంతా మొదలుపెట్టేవారు. నిజానికి మార్కు కన్నా ఆ కథ కోసమే కూర్చునేవాళ్ళం.

తర్వాత పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఎవరి ఫోన్లు వాళ్ళకొచ్చాయి. ఇప్పుడు ప్రశ్న చదవడం పూర్తవకుండానే జవాబు పడుతోంది. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అంత నీటుగా మన పిల్లలు తెలుగు ఎప్పుడు టైప్ చేశారండీ! అందరికీ తెలుసు అది ఎక్కణ్ణుంచి వస్తోందో. ఎవరూ అనరు.

ఆర్నెల్ల క్రితం బాబాయి రావడం మానేశారు. "కళ్ళు లాగుతున్నాయమ్మా" అన్నారు. అసలు సంగతి పిన్ని చెప్పింది. "పిల్లలు టకటకా చెప్పేస్తుంటే నాకు గుర్తు రావడానికే అర నిమిషం పడుతోంది, మతిమరుపు మొదలైందేమో, గుంటూరెళ్ళి డాక్టరుకి చూపించుకుందామా అని అడుగుతున్నారే" అంది.

చూశారా? అందరికీ తెలుసనుకున్న సంగతి ఆయనకి తెలియదు. పిల్లలు తమ బుర్రలోంచే చెప్తున్నారని నమ్మారాయన. డెబ్భై దాటిన మనిషి, జీవితమంతా జ్ఞాపకం మీదే బతికిన మనిషి, ఫోనుతో పోటీ పడుతున్నానని తెలియక తన బుర్రనే అనుమానించుకున్నారు. చాటుగా చూసి చెప్పడం వల్ల పోయేది ఒక మార్కు కాదు. నిజాయితీగా ఆడేవాళ్ళకి తమ మీద తమకున్న నమ్మకం పోతుంది.

ఈ మాట మా ఆడపడుచుతో అంటే, "వదినా, అందరూ చూసేవాళ్ళేగా, పిల్లల్నే అంటావేం?" అంది. నిజమే, పిల్లల్నే అనడం న్యాయం కాదు. షాపింగ్ యాప్‌లలో రోజూ వచ్చే ఐదు ప్రశ్నల క్విజ్ ఉంటుంది చూడండి, వాటి జవాబులు పొద్దున్నే ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పెద్దవాళ్ళు కాఫీ తాగుతూ అవి చూసే నొక్కుతారు. కానీ అక్కడ సరైన జవాబు చెప్పినవాళ్ళందర్లోంచి లాటరీ తీస్తారు. అది పేరుకే క్విజ్, ఎవరికెంత తెలుసో తేల్చే ఆట కాదు. మా ఆదివారం ఆట అలాంటిది కాదు కదా.

మరి ఎక్కడ గీత గీయాలి? టీవీలో కోటీశ్వరుడి ఆట గుర్తు చేసుకోండి. 2000లో అమితాబ్ బచ్చన్ హిందీలో మొదలుపెట్టారు, 2014లో నాగార్జున తెలుగులో చేశారు. అందులో ఫోన్ చేసి స్నేహితుణ్ణి అడగొచ్చు, ప్రేక్షకుల్ని అడగొచ్చు. అది మోసం అని ఎవరూ అనలేదు. ఎందుకంటే అది నియమంలో ఉంది, అందరి కళ్ళ ముందు జరుగుతుంది, ఎన్నిసార్లో లెక్క ఉంది. ఆ ఆటకి మాతృక అయిన ఇంగ్లండు కార్యక్రమంలో 2001లో చార్లెస్ ఇంగ్రమ్ అనే సైనికాధికారి పది లక్షల పౌండ్లు గెలిచాడు. సరైన జవాబు పలికినప్పుడల్లా ఆ గదిలోనే ఉన్న మరో పోటీదారు దగ్గి సైగ చేశాడని కేసు పెట్టారు. 2003లో ఆయన్నీ, ఆయన భార్యనీ, ఆ దగ్గినాయన్నీ కోర్టు దోషులంది. స్నేహితుడికి ఫోన్ చెయ్యడమూ సాయమే, దగ్గూ సాయమే. ఒకటి చెప్పి తీసుకున్నది, ఇంకొకటి దాచి తీసుకున్నది. నా లెక్కలో గీత అక్కడే ఉంది. వెతకడం తప్పు కాదు, వెతికి "నాకు తెలుసు" అన్నట్టు కూర్చోవడం తప్పు.

మన అష్టావధానమే తీసుకోండి. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది అడుగుతారు, ఒకరు గంట కొడతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు పక్కదారి పట్టిస్తూ ఉంటారు. అవధాని చేతిలో కాగితం ఉండదు, కలం ఉండదు. తిరుపతి వేంకట కవుల అవధానాల గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే అందుకే. అంతకన్నా మంచి పద్యాలు పుస్తకాల్లో ఎన్నో దొరుకుతాయి. కానీ అవధానానికి వెళ్ళేది పద్యం కోసం మాత్రమే కాదు, అది ఒక మనిషి బుర్రలోంచి మన ముందు పుట్టడం చూడ్డానికి. ఒళ్ళో ఫోను పెట్టుకున్న అవధాని దగ్గరికి ఎవరు వెళ్తారు?

"చూసైనా నేర్చుకుంటున్నారుగా" అనే వాదన ఒకటుంది. నాకు నమ్మకం లేదు. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొన్ని విషయాల గురించి ఇంటర్నెట్‌లో వెతికినవాళ్ళు, వాటితో సంబంధం లేని వేరే విషయాలు కూడా తాము బాగా వివరించగలమని అనుకున్నారట. వెతకనివాళ్ళకి అంత ధీమా లేదు. అంటే ఇంటర్నెట్‌లో ఉన్నదాన్ని మన తలలో ఉన్నట్టే లెక్కేసుకుంటున్నాం. మా ఇంట్లో అయితే ఇది రెండు వైపులా జరిగింది. వెతికినవాళ్ళు తమకి తెలుసనుకున్నారు, నిజంగా తెలిసినాయన తనకి తెలియదనుకున్నారు.

పైగా వెతికిందల్లా నిజమూ కాదు. ఓసారి "రేపల్లె ఏ జిల్లా?" అని అడిగితే నాలుగు సెకన్లలో "గుంటూరు" అని పడింది. ఏదో పాత పేజీ చూసి ఉంటారు. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఉంటున్న పిన్ని నింపాదిగా టైప్ చేసి చివర్లో సరిగ్గా చెప్పింది.

దీనికి మందు టైమరు పెట్టడం అంటారు కొందరు. 2017లో అమెరికాలో వచ్చిన హెచ్‌క్యూ ట్రివియా ఆటలో ప్రశ్నకి పది సెకన్లే ఇచ్చేవారు, వెతికే తీరిక లేకుండా. కుర్రాళ్ళ ఆటకి అది సరే. ఇంటి ఆటలో పది సెకన్లంటే శిక్ష పడేది పిన్నికి, పిల్లలకి కాదు. వాళ్ళ వేళ్ళు ఎలాగూ పరిగెడతాయి.

అందుకని మా ఇంట్లో నేను పెట్టమన్న పద్ధతి ఇది. టైపింగ్ వద్దు. జవాబు కాగితం మీద రాసి, అందరూ ఒకేసారి కెమెరాకి చూపించాలి. ముందు రాసినవాళ్ళకి ఎక్కువ మార్కులేం లేవు. ఇరవైలో ఐదు ప్రశ్నలు "వెతుకుడు ప్రశ్నలు" అని ముందే చెప్పి అడగాలి. వాటికి ఎవరైనా ఎక్కడైనా వెతకొచ్చు, కానీ ఎక్కడ దొరికిందో చెప్పాలి. పిల్లల నైపుణ్యం అక్కడ బయటపడుతుంది, అదీ తీసిపారేసేది కాదు. ఇంకో ఐదు ఏ ఫోన్లోనూ దొరకని ఇంటి ప్రశ్నలు ఉండాలి. తాతయ్య రేపల్లె రైల్లో మొదటిసారి తెనాలి ఎందుకొచ్చారు, నాయనమ్మ పురిపిండి వడియాల్లో ఏం కలిపేది, ఇలాంటివి.

పద్ధతి కన్నా ముందు ఇంకో పని జరగాలన్నాను. బాబాయికి నిజం చెప్పాలి, చూసి చెప్పినవాళ్ళే చెప్పాలి. బాపట్ల నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. బాబాయి కోప్పడలేదట. "అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట!" అన్నారట.

పిల్లలు చూసి చెప్పడం మానేస్తారా అంటే, మనల్ని చూసే నేర్చుకుంటారు. పెద్దవాళ్ళం కాలక్షేపం కబుర్లలో కూడా తెలియనిదాన్ని "తెలియదు" అనడానికి సిగ్గుపడతాం. ఫోను కిందికి వంచి చూసి, తల ఎత్తి తెలిసినట్టు మాట్లాడతాం. "నాకు తెలీదు, ఆగు చూసి చెప్తాను" అన్న మాటలో చిన్నతనం ఏమీ లేదు. ఆ మాట ఇంట్లో పెద్దల నోట వారానికి రెండుసార్లు వినబడితే చాలు, పిల్లలకి దాచుకోవాల్సిన అవసరమే ఉండదు.