పాఠం మారితే టీకా

‘టీకా’ అనే మాట మా తెలుగు పంతుళ్ళకొక అర్థంలో, వైద్యులకింకొక అర్థంలో పనికివస్తుంది. మాది పద్యం క్రింద వ్రాసేది. వారిది చేతికి పొడిచేది. ఈ రెండూ ఎంత దగ్గరివో కోవిడ్ వచ్చిన తరువాతగాని తెలియలేదు.

తాళపత్రం చూచి ప్రతి వ్రాసే వ్రాయసకాడు ఎక్కడో ఒక అక్షరం తప్పుతాడు. అతని ప్రతిని చూచి వ్రాసేవాడు ఆ తప్పును అలాగే దించి, తనదొకటి చేరుస్తాడు. పాఠాంతరాలు పుట్టేది ఇలాగే. వైరస్ మన కణాలలో జొరబడి చేసే పనీ ప్రతులు వ్రాయించుకోవడమే. కరోనా వైరస్ కొంత నయం. తప్పులు దిద్దే ఏర్పాటు దానికున్నది. ఫ్లూ వైరస్‌కు అదీ లేదు. అయినా కోట్లమంది ఒంట్లో ప్రతులు తయారవుతూ ఉంటే ఏ దిద్దుబాటు సరిపోతుంది? చాలా తప్పులు దానికే చేటు. ఏ ఒక్కటో కలిసివస్తుంది. 2021 నవంబరులో బయటపడిన ఒమిక్రాన్‌కు, కణాన్ని పట్టుకునే ముళ్ళలోనే ముప్ఫయికి పైగా మార్పులు!

మనం వేయించుకున్న తొలి టీకాలేమో 2020 తొలినాళ్ళ పాఠానికి వ్రాసినవి. పాఠం మారితే టీకా అక్కడక్కడ పొసగదు. ముల్లును అడ్డుకునే యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి కూడాను. అందుకే టీకా వేయించుకున్నవారికీ జ్వరం వస్తుంది. కాని టి-కణాలనేవి ఉన్నాయి. అవి వైరస్‌ను పెక్కు ముక్కలుగా గుర్తుపెట్టుకుంటాయి. అన్నీ ఒక్కసారే మారవు గదా! అక్షరం పోయినా తాత్పర్యం నిలుస్తుందన్నమాట. జబ్బు ముదరకుండా కాచేది చాలావరకు అవే.

అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రపు ప్రావిన్స్‌టౌన్‌లో 2021 జూలైలో జనం వేడుకలకు చేరారు. ఆ రాష్ట్రంవారిలో 469 మందికి కోవిడ్ అంటుకున్నది, చాలావరకు డెల్టా. వారిలో 346 మంది పూర్తిగా టీకాలు వేయించుకున్నవారే, నూటికి 74! ఈ ఒక్క అంకె పట్టుకుని “ఇంకెందుకండీ టీకా?” అన్నవారు మా అధ్యాపకుల గదిలోనూ ఉన్నారు. వారిలో ఒకరు లెక్కలు చెప్పేవారు కావడం విచిత్రం. ఊరంతా టీకా వేయించుకుంటే, ఒక్కడికి జబ్బుచేసినా రోగులలో నూటికి నూరుపాళ్ళూ టీకా వేయించుకున్నవారే అవుతారు. అడగవలసింది వేరు. ఆస్పత్రిలో చేరిందెందరు? అయిదుగురు, వారిలో నలుగురు టీకా అయినవారే, దాచనక్కరలేదు. చనిపోయిందెందరు? ఆ నివేదికనాటికి ఒక్కరూ లేరు.

తరువాత టీకాను కూడా మార్చి వ్రాశారు. 2022 ఆగస్టు చివర అమెరికా అనుమతించిన టీకాలలో పాత పాఠమూ, ఒమిక్రాన్ పాఠమూ రెండూ పెట్టారు. 2023 సెప్టెంబరుకల్లా పాతదాన్ని తీసివేసి కొత్తదానికే కూర్చారు. మా సాహిత్యశాఖలో పరిష్కృత ప్రతి ఇంత తొందరగా వెలువడినట్లు నేనెరుగను.