నేను పట్టని కుందేలు

‘తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు’ అని మన సామెత. మొండిగా వాదించేవాళ్ళని వెక్కిరించడానికి వాడుతూంటాం. నాకు మాత్రం ఈమధ్య ఆ సామెతలో మనిషి మీద కొత్త అనుమానం పుట్టుకొచ్చింది. పాపం, అతను అబద్ధం ఆడలేదేమో! పట్టుకునే తొందరలో నాలుగో కాలు తనే విరిచేసి ఉంటాడు. తర్వాత లెక్కపెట్టుకుంటే మూడే వచ్చి ఉంటాయి!

నవ్వకండి. ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు.

కిందటేడు ఏప్రిల్ నెలాఖరున న్యూజెర్సీలో మా అక్క ఇంటికి వెళ్ళాను. మూడు నెలలుండి, సగంలో ఆగిపోయిన నవల పూర్తి చేసుకొస్తానని ఎడిటరుగారికి మాటిచ్చి మరీ వెళ్ళాను. (నవల ఇంకా సగంలోనే ఉంది. దానికి కారణమూ కుందేలే.)

పెరడంటే మనకి బావి, తులసికోట, కరివేపాకు చెట్టు, గిన్నెలు తోముకునే గట్టు. అక్కడ పెరడంటే గడ్డి. చుట్టూ చెక్క కంచె, మధ్యన నున్నగా తల దువ్వినట్టు పచ్చటి గడ్డి. అంతే! వెళ్ళిన మర్నాడు, వేళలు తారుమారై తెల్లవారుజామున నాలుగింటికే మెలకువొచ్చేసింది. కాఫీ కలుపుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. వెలుతురు పరుచుకుంటూంటే గడ్డిలో ఒక మట్టిరంగు రాయి కనిపించింది. చూస్తూండగానే ఆ రాయికి చెవులు మొలిచాయి!

గోధుమరంగు ఒళ్ళు, మెడవెనక కాస్త ఎర్రమట్టి ఛాయ, తోక కింద ఏకిన దూది అంటించినంత తెలుపు. అందుకే దాన్ని అక్కడ ‘కాటన్‌టెయిల్’ అంటారు. దూదితోక అనుకుందాం.

నలభై దాటిన దాన్ని, అంతవరకూ బతికున్న అడవి కుందేల్ని నిదానంగా చూసింది లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో చూసినవన్నీ కాళ్ళు కట్టేసి, కర్రకి తలకిందులుగా వేలాడేసినవే. అమ్మమ్మ వాటిని చెవులపిల్లులనేది. “చూడకే, రాత్రి నిద్రపట్టదు” అని నా మొహం తన కొంగులో దాచేసేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని వేటాడటం నేరమని నాకు తెలిసింది పెద్దయ్యాకే. చట్టం సంగతి ఆ కర్ర మోసుకొచ్చినవాళ్ళకీ తెలిసినట్టు లేదు.

ఆ రోజునించీ పొద్దున్నొక గంట, దీపాలవేళ ఒక గంట కిటికీ దగ్గర నా డ్యూటీ. అవి మేతకి వచ్చే వేళలూ అవే.

“రెండేసి గంటలు కుందేల్ని చూస్తూ కూచోడమేమిటే? పనీపాటా లేకపోతే సరి!” అంది అక్క.

ఈ మాట మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు పడ్డవాళ్ళే. ఆడదాని చేతిలో గరిటో, చీపురో, సూదో లేకపోతే ఆవిడ ఖాళీగా ఉన్నట్టు లెక్క. బావగారు ఆదివారం నాలుగు గంటలు క్రికెట్ చూస్తే అది విశ్రాంతి. నేనో గంట కుందేల్ని చూస్తే సోమరితనం. ఇదెక్కడి న్యాయమండీ? కళ్ళప్పగించి ఒకదాన్ని చూడటం కూడా పనే. బీఏలో సాహిత్యం చదివి, పాతికేళ్ళు కథలు రాసి నేను నేర్చుకున్న పని అదొక్కటే.

చూస్తే ఏమొస్తుందంటారా? చాలా వచ్చింది. పసుపుపచ్చ పువ్వు కాడని అది కింద కొరికి, ఒక చివర నోట్లో పెట్టుకుని, చిన్నపిల్లలు సేమ్యా జుర్రుకున్నట్టు లోపలికి లాక్కుంటుంది. ఒకటి దూసుకొస్తే రెండోది నిట్టనిలువునా గాల్లోకి ఎగురుతుంది, మొదటిది దాని కిందనించి దూరి పోతుంది. అది దెబ్బలాట కాదు, పెళ్ళిచూపులు! దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే ఇంచుమించు చుట్టూ కనిపిస్తుంది. కనపడనిదల్లా సరిగ్గా ముక్కు ముందున్నదే. ఈ విషయంలో మనకీ వాటికీ పెద్ద తేడా లేదు.

బావగారికి మాత్రం అవి శత్రువులు. “ఏమ్మా మరదలా, మీ చుట్టాలొచ్చి నా చిక్కుడు మొలకలన్నీ భోంచేసి పోయారు” అని రోజూ ఫిర్యాదే. నిజమే, తిన్నాయి. నేను కాదనను. రెండడుగుల ఎత్తున జాలీ కట్టి, దాని అడుగు మట్టిలోకి దిగేస్తే చిక్కుడు మొక్క దక్కుతుంది. కట్టాం, దక్కింది. ఆ మాత్రానికి మందులూ, బోనులూ ఎందుకు?

అసలు గొడవ చిక్కుడు కాదు, గడ్డి. అమెరికాలో ఇలా పెంచే గడ్డి లక్షా అరవై వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకని 2005లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే దాదాపు మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత నేల! తినడానికి కాదు, ఆవుకి వెయ్యడానికి కాదు, పక్కింటివాళ్ళు చూసి ఏమీ అనకుండా ఉండటానికి. పూర్వం ఆ గడ్డి గింజలతోపాటు క్లోవర్ అనే మూడాకుల మొక్క విత్తనాలు కూడా కావాలనే కలిపి చల్లేవారు. అది గాల్లో నత్రజనిని పట్టి నేలకిస్తుంది, కుందేలుకి ఇష్టమైన మేత కూడా. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ‘2,4-డి’ అనే కలుపుమందు బజార్లోకొచ్చింది. అది గడ్డిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. క్లోవర్‌ని విడిగా వదిలెయ్యడం దానికి చేతకాదు. దాంతో నిన్నటిదాకా కావలసిన మొక్క కలుపుమొక్కై కూర్చుంది! మందుకి తగ్గట్టు శత్రువుని తయారుచెయ్యడమంటే ఇదే.

“ఆస్ట్రేలియాని కుందేళ్ళు ఎలా నాశనం చేశాయో చదవలేదా?” అన్నారు బావగారు. చదివానండీ. 1859లో థామస్ ఆస్టిన్ అనే పెద్దమనిషి వేట సరదాకోసం ఇంగ్లండునించి తెప్పించి వదిలిన రెండు డజన్లతో మొదలైంది ఆ కథ. తప్పు తెచ్చినవాడిదా, తిన్నదానిదా? పైగా దూదితోక ఎవరో తెచ్చి వదిలింది కాదు. అది అమెరికా గడ్డ మీదే పుట్టిన జీవి. పరాయివాళ్ళం మనం.

ఇంతవరకూ గెలిచింది నేనే కదా? ఇప్పుడు నేను ఓడిన సంగతి చెప్తాను.

మే నెల మధ్యలో ఒక ఆదివారం బావగారు గడ్డి కోసే మిషను తోసుకొస్తూంటే గడ్డిలో అరచేతి మేర ఎండుపరక కుప్ప కనిపించింది. “ఆగండాగండి!” అని పరుగెత్తాను. అది కుందేలు గూడు. గూడంటే చెట్టు మీదా కాదు, బొరియా కాదు. నేలలో చిన్న పల్లం. తల్లి తన రొమ్ము మీది బొచ్చు తనే పీక్కుని, దాంతో మెత్తగా పరిచి, పైన ఎండుగడ్డి కప్పుతుంది. ఆయన ఒక్క మాట అనకుండా ఆ చుట్టుపక్కల మేర వదిలేసి మిగతాది కోసుకున్నారు. ఆయన్ని ఇంత దులిపాను కాబట్టి ఈ మాట చెప్పకపోతే పాపం.

ఆయన వదిలేశారు. వదల్లేకపోయింది నేను! మర్నాడు పొద్దున్న వెళ్ళి పైన గడ్డి తొలగించాను. అయిదు పిల్లలు. బొటనవేలంత. కళ్ళింకా తెరవలేదు. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. గుండె టకటకా కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది. అది భయమని నాకు తట్టలేదు, ముద్దనుకున్నాను. ఫోనుతో ఫోటో తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి అరవై మూడు హృదయాలొచ్చాయి. ‘ఎంత అదృష్టం’, ‘ఇంకా పెట్టు’ అన్నారు. మళ్ళీ వెళ్ళాను. అక్క స్నేహితురాలొస్తే ఆవిడకీ చూపించాను. గడ్డి తిరిగి కప్పాననే అనుకున్నాను. కానీ తల్లి కప్పినట్టు కప్పలేదు. కంచె మీద రెండు కాకులు కూచుని నా రాకపోకలు చూస్తున్న సంగతీ పట్టించుకోలేదు.

మూడోనాటి మధ్యాహ్నానికి గూట్లో రెండే మిగిలాయి.

ఏడుస్తూ కూచున్నాను. అక్క కూతురు, పదిహేనేళ్ళది, బడినించొచ్చి సంగతి విని ఏమీ అన్లేదు. గడ్డి జాగ్రత్తగా సర్దింది. దాని మీద నాలుగు దారప్పోగులు అడ్డదిడ్డంగా పరిచి లోపలికొచ్చింది. “రేపటికి దారాలు చెదిరితే వాళ్ళమ్మ వచ్చినట్టు పిన్నీ” అంది. ఆ తర్వాత మెల్లిగా, “అడక్కుండా నా ఫోటో ఎక్కడా పెట్టొద్దని నీకు చెప్పాను కదా, దాన్ని కూడా అడగలేదు నువ్వు” అంది.

చెంప ఛెళ్ళుమంది.

మర్నాడు పొద్దున్న దారాలు చెదిరి ఉన్నాయి.

ఇక్కడే నా గొంతు కాస్త పెద్దది చేస్తాను, ఏమనుకోకండి. దూదితోక తల్లి రోజంతా గూడు దగ్గర ఉండదు. తెల్లవారుజామున ఒకసారీ, చీకటి పడుతూండగా ఒకసారీ వచ్చి నాలుగు నిమిషాలు పాలిచ్చి పోతుంది. అది ప్రేమలేక కాదు. తను అక్కడే తచ్చాడితే నక్కలకీ పిల్లులకీ గూడు జాడ తెలిసిపోతుందని. ఈ సంగతి తెలియని పుణ్యాత్ములు ‘అయ్యో, తల్లి వదిలేసింది’ అని పిల్లల్ని చెప్పులపెట్టెలో వేసి తెచ్చి, ఆవుపాలు పోసి, రెండు రోజుల్లో చంపుతారు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళి దీపాలవేళకి ఇల్లు చేరే తల్లిని ‘పిల్లల్ని గాలికొదిలేసింది’ అనే నోళ్ళు మనకి తెలియనివా? ఆ నోళ్ళే ఇవీను. కనపడనంత మాత్రాన తల్లి లేనట్టు కాదు. నిజంగా దెబ్బ తగిలిందంటే అక్కడ అలాంటి జీవాల్ని చూసే లైసెన్సున్నవాళ్ళుంటారు, వాళ్ళని పిలవాలి. అంతే తప్ప మన జాలి తీర్చుకోడానికి అది బొమ్మ కాదు.

‘మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్ళీ ముట్టుకోదు’ అన్న మాట కూడా పిల్లల్ని భయపెట్టడానికి పుట్టిందే. నేను ముట్టుకున్నా ఆ తల్లి వచ్చింది. వచ్చింది కదా అని నా తప్పు తప్పు కాకుండా పోదు. ముట్టుకున్నందుకు తల్లి క్షమించింది, దారి చూపించినందుకు కాకులు ఊరుకోలేదు.

మనకి చిన్నప్పట్నించీ ప్రేమంటే చేతుల్లోకి తీసుకోవడమనే నేర్పారు. ముద్దొస్తే బుగ్గ గిల్లాలి. జాలేస్తే ఏదో ఒకటి తినిపించాలి. నచ్చితే ఇంటికి తెచ్చుకోవాలి. మన ఊళ్ళలో రోడ్డు పక్కన తెల్లకుందేలు పిల్లల్ని బుట్టలో పెట్టి అమ్ముతూంటే, పిల్లాడి పుట్టినరోజుకని కొని తెస్తాం. అవి ఐరోపా కుందేలునించి మనుషులు పెంచుకున్న జాతులు, అడవిలో వదిలితే బతకలేవు. సరదా తీరాక బాల్కనీలో బోను కంపుకొడుతూంటే ఎవరికివ్వాలా అని చూస్తాం. ఇదంతా ప్రేమేనా? ముట్టుకోకుండా, పిలవకుండా, మచ్చిక చెయ్యకుండా, దాని మానాన దాన్ని ఉండనివ్వడం మాత్రం ప్రేమ కాదా?

ఫోటోలు మానలేదండోయ్! మానక్కర్లేదు కూడా. కానీ పద్ధతి మార్చాను. వంటింటి దీపం ఆర్పేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని, తలుపు అద్దంలోంచి దాని కంటి ఎత్తుకి కెమెరా పెట్టుకుని కూచునేదాన్ని. ఫ్లాష్ లేదు. పిలుపు లేదు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అది మేత ఆపి చెవులు నిక్కబొడిచిందంటే నేను దగ్గరికొచ్చానని అర్థం. అక్కడితో ఆ పూటకి సరి.

1502లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు వేసిన కుందేలు బొమ్మ వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. దాని ఒంటి మీద ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ఆ కంట్లో గది కిటికీ నీడ కూడా కనిపిస్తుంది. అంత గొప్పగా చూసే కన్ను నాకు లేదు. కానీ నా కుందేలు మాత్రం కిటికీకి అవతలే ఉంది.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, ఆ మిగిలిన రెండూ గూట్లోంచి బయటికొచ్చాయి. పిడికెడేసి ఉన్నాయి. నుదుటి మీద తెల్లచుక్క. గడ్డిలో రెండు గంతులేసి, ఆగి, గాలి వాసన చూసి, కంచె కింద సందులోంచి వెళ్ళిపోయాయి. ఒక్కటే ఫోటో దొరికింది. అద్దం మీద నా కాఫీ కప్పు నీడ పడింది. గడ్డి, చీకటి, మూలగా రెండు చెవుల కొసలు.

అరచేతిలో పిల్ల ఫోటో తీసేసి, గ్రూపులో దీన్ని పెట్టాను. హృదయాలు మూడే వచ్చాయి. ‘ఇందులో ఏముంది? గడ్డేగా!’ అన్నాడు ఒక తమ్ముడు. ‘కుందేలేదీ?’ అంది మా అత్తయ్య.

ఉందత్తయ్యా, గడ్డిలో ఉంది. కాళ్ళు కనిపించవు గానీ నాలుగూ ఉన్నాయి. నాదీ పూచీ.