జబ్బు అతనిదైతే ఆమె సేవ, ఆమెదైతే పుట్టింటి బస్సు

ఉద్దానం కిడ్నీ జబ్బు మాట వస్తే నీళ్ల గురించి, ఆసుపత్రుల గురించి మాట్లాడుకుంటాం. జబ్బు చొరబడిన ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య ఏం జరుగుతోందో మాట్లాడుకోం. బరంపురం, గంజాం తెలుగు ఇళ్లకు ఇది పొరుగు రాష్ట్రం సంగతి కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు పిల్లనివ్వడం, తెచ్చుకోవడం తరాలుగా ఉన్నదే.

డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ కలిపితే రోజంతా పోయినట్టే. తాగే నీళ్లకు కొలత, కూరలో ఉప్పుకు కొలత. తోడు వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి లేదు. అప్పులు పెరిగేకొద్దీ మాటలు తగ్గుతాయి.

భర్త పడితే భార్య చేస్తుంది, అవసరమైతే కిడ్నీ కూడా ఇస్తుంది. 2019-23 మధ్య దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవారిలో దాదాపు 64 శాతం ఆడవాళ్లు. అవయవం పొందినవారిలో మాత్రం మగవాళ్లే ఎక్కువ. భార్యే పడితే? ‘అమ్మగారింట కొన్నాళ్లు ఉండి చూపించుకో’ అంటారు. ఆ కొన్నాళ్లు ఏళ్లయిన ఇళ్లు మనకు తెలియనివి కావు.

ఆ పంపడంలో చికిత్సకే గండి పడుతుంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. డయాలసిస్ రోగులకు ఆంధ్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. కానీ ఆ పింఛనైనా, ఉచిత వైద్య పథకమైనా ఆ రాష్ట్రంలో కార్డున్న వారికే. పెళ్లయ్యాక పుట్టింటి రేషన్ కార్డులో ఆమె పేరు తీసేసి, అత్తింటి కార్డులో ఎక్కించకపోతే ఆమె ఏ రాష్ట్రానికీ లెక్కలో లేనట్టే.

నిజానికి ఒడిశా పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఉంటే, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు ఉంది. అంటే అత్తింటి కార్డులో పేరుంటే ఆమె వైద్యానికే ఎక్కువ ఆసరా. ఆమెను సరిహద్దు దాటించడం మానవత్వానికే కాదు, డబ్బు లెక్కకూ నష్టమే.

చట్టమూ జబ్బును సాకుగా ఒప్పుకోదు. హిందూ వివాహ చట్టంలో కిడ్నీ జబ్బు విడాకులకు కారణం కాదు. కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలును కూడా 2019లో తీసేశారు. పోషించగల స్థితి ఉండి కూడా భార్యను గాలికొదిలేస్తే ఆమె భరణం కోరవచ్చు.

కోడలు ఇంట అడుగుపెట్టిన ఏడాదే కార్డులో పేరు ఎక్కించాలి. ఇంట్లో జబ్బు బయటపడితే ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్లాలి, వంట ఎవరు చూడాలి, పిల్లల బడి ఎవరు చూడాలి అన్నది అన్నదమ్ములు, ఆడపడుచులు కూర్చుని పంచుకోవాలి. పెళ్లికి పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడుకున్నవాళ్లం, జబ్బుకు మాత్రం ఒక్క మనిషినే వదిలేస్తే ఎలా?