జాబితాలో లేని కూలీలు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది మరణించారని లెక్క తేల్చారు. ఆ లెక్క పూర్తిగా సరియైనదని చెప్పే వీలు లేదు. మృతులలో వరికోతలకై దూరప్రాంతాల నుండి వచ్చిన కూలీలు కూడా ఉన్నారు. వారి పేర్లు ఆ గ్రామాల రికార్డులలో లేవు.

ఇది కాకతాళీయం కాదు. బంగాళాఖాతంలో తీవ్రమైన తుఫానులు ఎక్కువగా పుట్టేది అక్టోబరు, నవంబరు మాసాలలో. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి పండి కోతకు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. మెట్ట ప్రాంతాల కూలీలు మేస్త్రీ వెంట ముఠాలుగా వచ్చి, పొలాల వద్ద, కాలువగట్లపైన పాకలు వేసుకొంటారు. సముద్రపు తీరుతెన్నులు వారికి తెలియవు.

ముందస్తు హెచ్చరిక ప్రాణాలను కాపాడగలదనుటకు నిదర్శనమున్నది. 1990 మే నెలలో అదే తీరాన్ని పెనుతుఫాను తాకినప్పుడు లక్షకు పైగా ప్రజలను ముందే తరలించారు. మృతుల సంఖ్య వేయికి లోపే ఉన్నది. నేడు వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందే అప్రమత్తం చేస్తున్నది. కాని గ్రామంలో వేసిన దండోరా పొలంలోని పాకకు వినిపించదు. వినిపించినా, రావలసిన కూలి చేతికందక ముందే కదలడానికి మనసొప్పదు. పైగా తుఫాను షెల్టరుకు దారి తెలియదు.

దీనికి పెద్ద వ్యయం అవసరం లేదు. ముఠా దిగిన రోజుననే మేస్త్రీ పేరు, ఫోను నంబరు, పిల్లలతో సహా ఎందరున్నారో, ఎక్కడ పాకలు వేశారో పంచాయతీ కార్యాలయంలో వ్రాయించాలి. షెల్టరుకు దారి పగటిపూటనే చూపించాలి. హెచ్చరిక అందగానే పాకల వద్దకు వెళ్ళి చెప్పే బాధ్యత ఒకరికి అప్పగించాలి. అంతవరకు చేసిన పనికి కూలి దక్కుతుందని ఆసామి ముందే మాట ఇవ్వాలి. గాలి హఠాత్తుగా ఆగితే తుఫాను వెళ్ళిపోయిందనుకొని బయటకు రారాదనీ, తుఫాను కేంద్రం దాటిన పిదప ఎదురు దిక్కు నుండి గాలి మళ్ళీ విజృంభిస్తుందనీ వారి భాషలో వివరించాలి.

రేషను కార్డు నేడు దేశమంతటా చెల్లుతున్నది. కూలీ ఎక్కడికి వెళ్ళినా బియ్యం అతనికి అందే ఏర్పాటు జరిగింది. తుఫాను హెచ్చరిక కూడా అట్లే అతనిని వెదుక్కుంటూ వెళ్ళాలి.