చెట్టు దాకా నడక
ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోతే అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడ వస్తుంది. 2024 జూలై 14న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు పంచడం మొదలుపెట్టింది అక్కడే. ఎంతో అవసరమైన పని. అయితే గీత కార్మికుడికి ఎక్కడమొక్కటే కాదు, చెట్టు నుంచి చెట్టుకు గట్ల మీద నడక కూడా ఉంటుంది. భుజాన మోకు, నడుమున ముత్తాదు, చేతిలో కల్లు లొట్టి. వాటికి తోడు ఇప్పుడు కిట్టులోని బెల్టులు, తాడు, కొక్కేలు. బరువంతా ఒక్క భుజానికే వేలాడితే తాడు ఒరిసి చర్మం కమిలిపోతుంది. మోయలేక కిట్టు ఇంట్లో వదిలేసి పోతే ప్రాణానికే ముప్పు. వెడల్పాటి పట్టీలతో వీపుకు అంటుకునే సంచీ, బరువును నడుము మీదికి దించే బెల్టు ఇచ్చి తీరాలి. కిట్టు వాడకం మీద ఇచ్చే శిక్షణలో చెట్టెక్కించే ముందు ఆ సరంజామాతో కిలోమీటరైనా నడిపించి, ఎక్కడ ఒరుసుకుంటోందో ఆ మోసేవాణ్నే అడగాలి.