క్లింగాన్‌కి నిఘంటువు, కడపోడికి నాటుబాంబు

గ్రహాంతరవాసుల్ని తెర మీద ఎలా చూపించాలి అన్న విషయంలో నాకు రెండు రకాల అనుభవం ఉంది. ఒకటి, స్టార్ ట్రెక్, బాబిలన్ 5 లాంటి సీరియళ్ళు నిద్ర మానుకుని చూసిన అనుభవం. రెండోది, స్వయంగా గ్రహాంతరవాసిగా బతుకుతున్న అనుభవం. మాది కర్నూలు లెండి :-)

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా.

ముందు టీవీ సంగతి. అంతుచిక్కని జాతిని చూపించడానికి స్క్రిప్టు రాసేవాళ్ళ దగ్గర ఒక ఫార్ములా ఉంది. విడివిడిగా మనుషులు ఉండకూడదు, గుంపు ఉండాలి. గుంపు మొత్తానికి ఒకటే గుణం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళు ఆ పని ఎందుకు చేస్తున్నారో చెప్పకూడదు. 1989లో స్టార్ ట్రెక్‌లోకి వచ్చిన బోర్గ్ జాతి సరిగ్గా ఇదే. వాళ్ళ నోట "మేము" తప్ప "నేను" రాదు. బాబిలన్ 5 (1994-98)లో కోష్ అనే వోర్లాన్ రాయబారి ఎప్పుడూ ఒక తొడుగులోనే ఉంటాడు. పొడుపుకథ లాంటి మాట ఒకటి విసిరేసి పోతాడు. మనం బుర్ర గోక్కోవాలి.

నాకు ఈ మర్మం ఇష్టమే. ఎందుకంటే మంచి రచయిత దగ్గర మర్మం వెనక ఒక జవాబు ఉంటుంది. బాబిలన్ 5 రాసిన స్ట్రజిన్‌స్కీ ఐదేళ్ళ కథకి ముందే ప్లాన్ వేసుకున్నాడు. కోష్ ఆ తొడుగులో ఎందుకు దాక్కున్నాడో ఆయనకి తెలుసు, మనకి మెల్లమెల్లగా చెప్తాడు. చేతకాని రచయిత దగ్గర మర్మం అంటే వేరే ఏం కాదు, హోమ్‌వర్కు చెయ్యకపోవడం. ఆ జాతి ఏం తింటుందో, దేనికి ఏడుస్తుందో ఆయనకే తెలీదు. అడిగితే "అది మిస్టరీ" అంటాడు.

ఇప్పుడు ఈ ఫార్ములాని పట్టుకుని మన సినిమాకి రండి.

ప్రేమించుకుందాం రా (1997)తో ఊపందుకుని, సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002), ఒక్కడు (2003) దాకా వచ్చిన వరసలో సీమ ఎలా ఉంటుంది? తెల్లబట్టల గుంపు. చేతుల్లో వేటకొడవళ్ళు. గుంపులో ఎవడికీ పేరుండదు. అందరిదీ ఒకటే గుణం, పగ. ఎందుకు నరుకుతారు? వాళ్ళ రక్తమే అంత. హైదరాబాదు నుంచి హీరో కర్నూల్లో దిగడం చూస్తే, స్టార్ ట్రెక్‌లో ఓడ దిగి కొత్త గ్రహం మీద కాలు పెట్టే బృందమే గుర్తొస్తుంది. స్థానిక జీవులు ప్రమాదకరం, అమ్మాయిని కాపాడి తిరిగి రావాలి. ఓడ బదులు టాటా సుమో, అంతే తేడా.

మా కొండారెడ్డి బురుజు ఎంత ఫేమస్ అయిందో చూడండి. బురుజు చుట్టూ ఉన్న ఊరు మాత్రం ఎవరికీ తెలీదు. కర్నూల్లో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తింటారు. కడపలో కారం దోసె. వేరుశనక్కాయల్ని మేం బుడ్డలంటాం, కడపవాళ్ళు చెనిక్కాయలంటారు. దేవుని కడప వెంకన్న గుడికి ఉగాది నాడు ముస్లింలు వస్తారు. కోసిగి, మంత్రాలయం వైపు వానల్లేని ఏడు ఊళ్ళకి ఊళ్ళు తాళాలేసుకుని గుంటూరు జిల్లాకి మిరపకాయలు కొయ్యడానికి పోతారు, దానికి "సుగ్గి"కి పోవడం అని పేరు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరమే మునిగింది. కరువు ఊరు వరదలో మునగడం కంటే పెద్ద కథ ఏ స్క్రీన్‌ప్లే రచయితకి కావాలండీ? ఎవరికీ కనపడలేదు. అందులో కొడవలి లేదుగా!

ఇక యాస. జయప్రకాశ్ రెడ్డి గారిది మా సిరివెళ్ళ. ఆయన నోట్లో సీమ మాట ఎంత సహజంగా పలికేదో! 2020లో ఆయన పోయినప్పుడు మా ఇళ్ళల్లో సొంత మనిషి పోయినట్టే అనుకున్నారు. కానీ ఇండస్ట్రీ ఆ మాటని ఏం చేసింది? విలన్ భాషగా ఖరారు చేసింది. హీరోది కూడా సీమే, ఇంటిపేరుతో సహా. కానీ ఆయన మాత్రం ఎక్కువగా కృష్ణా, గుంటూరు తెలుగే మాట్లాడతాడు. ఒకే ఊళ్ళో మంచివాడికి ఒక భాష, చెడ్డవాడికి ఒక భాషా?

క్లింగాన్లతో పోల్చి చూడండి. 1967లో వాళ్ళు స్టార్ ట్రెక్‌లో ఉత్త విలన్లు. 1987 వచ్చేసరికి వార్ఫ్ అనే క్లింగాన్ అదే ఓడలో యూనిఫాం వేసుకుని ఆఫీసరుగా నిలబడ్డాడు. మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త వాళ్ళ కోసం వ్యాకరణం తయారుచేసి 1985లో నిఘంటువు వేశాడు. బోర్గ్‌లో కూడా ఒకడికి 1992లో హ్యూ అని పేరు పెట్టి "నేను" అనిపించారు. లేని జాతికి ఇరవై ఏళ్ళలో ఇంత మర్యాద దొరికింది. ఉన్న జాతికి, నిఘంటుకారుడు సీ.పీ. బ్రౌన్ పనిచేసిన కడపకి, 1997 నుంచి లెక్కేసినా పాతికేళ్ళు దాటిపోయినా సుమోలు గాల్లో లేవడం ఆగలేదు. అరవింద సమేత (2018) మాత్రం కాస్త ఆగి ఇంట్లో ఆడవాళ్ళ వైపు చూసింది, పెంచల్ దాస్ చేత పాట రాయించుకుంది. సంతోషమే. కానీ అదీ కత్తి దగ్గరే మొదలైంది.

"మరి ఫ్యాక్షన్ లేదా బాబూ?" అంటారు. ఉంది. హత్యలు జరిగాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, చిన్నపిల్లలు తండ్రుల్లేకుండా పెరిగారు. దాచాల్సిన పని నాకు లేదు. నా గొడవ ఫ్యాక్షన్ చూపించారని కాదు, కారణం పీకేసి చూపించారని. కాంట్రాక్టులు, సారా పాటలు, పంచాయతీ ఎన్నికలు, చెరువు కింద పొలం, ఆ మనుషుల్ని వాడుకున్న పార్టీలు... ఇవన్నీ తీసేసి "రక్తం" అని ఒక్క మాట పెట్టారు. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలు చదవండి. అదే కడప జిల్లా పల్లె, అవే కక్షలు. కానీ ప్రతి మనిషికీ పేరుంటుంది, ప్రతి పనికీ లెక్క ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే, బగ్‌కి రూట్ కాజ్ రాయకుండా "సిస్టమ్ ఇలాగే పనిచేస్తుంది" అని టికెట్ మూసెయ్యడం ఇది. మూసేశాక ఇంక దాన్ని ఎవడు బాగుచేస్తాడు? 1937 శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర నీళ్ళలో సీమకి ముందు చూస్తామని రాసుకున్నారు. 1981లో శ్రీశైలం నీళ్ళ కింద మా జిల్లా ఊళ్ళు మునిగాయి. వీటి గురించి ఎవరైనా గొంతెత్తితే అవతలివాడి మొహంలో అదే నవ్వు, "మీకు నీళ్ళెందుకు, మీరు రక్తం తాగుతారుగా!" కారణం ఉన్న జనానికి కాలవ ఇస్తారు. కారణం లేని జనానికి పోలీసు క్యాంపు ఇస్తారు.

"సినిమాని సినిమాలా చూడు" అన్నది ఇంకో సలహా. చూస్తాను. అయితే కోష్ మాదాపూర్‌లో అద్దె ఇల్లు వెతుక్కోడు, నేను వెతుక్కున్నాను. ఊరు చెప్పగానే ఓనరు గారు రెండు రోజుల్లో చెప్తానన్నారు, ఇప్పటిదాకా చెప్పలేదు. బోర్గ్‌కి పెళ్ళిసంబంధాలు చూడరు, మా కజిన్‌కి చూశారు. "కడపా? అమ్మో" అని ఫోన్ పెట్టేశారు. ఒక కంపెనీలో నన్ను క్లయింటుకి పరిచయం చేస్తూ మా లీడు "జాగ్రత్త, ఇతనిది కర్నూలు" అన్నాడు. అమెరికావాడికి అర్థం కాలేదు గానీ కాల్‌లో ఉన్న మనవాళ్ళంతా పగలబడి నవ్వారు. లేని జాతి మీద ఎంత మర్మమైనా కట్టండి, గాయపడేవాడు ఎవడూ లేడు. ఉన్నవాళ్ళ మీద కట్టే ముందు, వాళ్ళు ఏం తింటారో కనుక్కుంటే బాగుంటుంది.

కథ రాసేవాళ్ళకి నాది ఒకటే పరీక్ష. మీ స్క్రిప్టులో సీమ మనిషికి కొడవలి ఇచ్చే ముందు ఒక పేరు, ఒక అప్పు, ఒక పొలం, ఒక కూతురు ఇవ్వండి. అవన్నీ ఇచ్చాక కూడా కొడవలి కావాలనిపిస్తే ఇవ్వండి, మొదటి రోజు మొదటి ఆట నేనే టికెట్ కొంటా. ఈలోగా ఆఫీసులో పక్క సీట్లో కర్నూలోడో కడపోడో ఉంటే, బాంబుల రేటు అడగొద్దు. ఈ ఏడు వానలు పడినాయా అని అడగండి. గంట మాట్లాడతాడు.