పదకొండు రూపాయల పాలెగాడు

స్పెయిన్‌లో బిరుదును పంచుకోరు. పిల్లలెందరున్నా ఒక్కరికే. 2006 దాకా మగబిడ్డదే ముందు వరస. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఆడైనా మగైనా పెద్దబిడ్డకే.

మరి మన పాలెగాళ్ల సంగతి? 1800లో దత్తమండలాలు కుంపిణీ చేతికొచ్చాక, కలెక్టరు మన్రో దొర వాళ్ల అధికారం ఊడబెరికి నెలనెలా భరణాలతో సరిపెట్టాడు. భరణమంటే పంపకమే కదా! జమ్మలమడుగు పొరుగున కోయిలకుంట్ల తాలూకా అప్పట్లో కడప జిల్లాలోదే. అక్కడి ఉయ్యాలవాడ ఇంటికి వచ్చేది 70 రూపాయలు. పంచగా పంచగా నరసింహారెడ్డికి మిగిలింది 11 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు). లెక్కేయండి, సరిగ్గా ఆరో వంతు!

ఆగిపోయిన నొస్సం వారి భరణంలోనూ తనకు వాటా ఉందన్నాడు. సర్కారు కాదంది. మాన్యాలు పోయిన కట్టుబడివాళ్లూ అప్పటికే మండిపోతున్నారు. 1846లో తిరగబడ్డారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. తలను 1877 దాకా కోట మీదే వేలాడదీశారు.